మీకు తెలుసా? రాత్రి రెండింటికి మీ టీవీని, రేడియోని నడిపేది ఎవరో

అర్ధరాత్రి దాటాక టీవీలో పాత సినిమా వస్తుంటుంది. మధ్యమధ్యలో యాడ్స్, మూలన ఛానెల్ లోగో, కింద స్క్రోలింగ్. ఎఫ్‌ఎంలో పాట అవగానే జింగిల్, జింగిల్ అవగానే ఇంకో పాట. ఎవరో కూర్చుని ఒక్కొక్కటీ నొక్కుతున్నారని అనుకుంటాం. ఆ గదిలో మనిషి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. నడిపేది మాత్రం ఒక సాఫ్ట్‌వేర్. ప్రసార రంగంలో దీన్నే ఆటోమేషన్ అంటారు. దాదాపు డెబ్భై ఏళ్లలో అది ఎలా ఎదిగిందో, ఎక్కడెక్కడ చిక్కుల్లో పడిందో చెప్పే సంగతులు ఇవి.

◆ టీవీ ఛానెల్ ప్రసారం బయటికి వెళ్లే చివరి గది మాస్టర్ కంట్రోల్ రూమ్. అందరూ ఎంసీఆర్ అంటారు. అక్కడి తెర మీద ఉండేది ఒక పొడవాటి పట్టిక. ఒక్కో వరుసలో ఒక్కో అంశం: ఎప్పుడు మొదలవ్వాలి, నిడివి ఎంత, క్లిప్ నంబరేంటి, ఏ సర్వర్ నుంచి రావాలి, లోగో ఉంచాలా తీసేయాలా. గంట, నిమిషం, సెకనుతో ఆగకుండా ఫ్రేము దాకా లెక్క ఉంటుంది. మన దేశంలో సెకనుకు 25 ఫ్రేములు కాబట్టి, సెకనులో ఇరవై అయిదో వంతు తేడా కూడా ఆ పట్టికలో కనిపిస్తుంది. రాబోయే యాడ్ ఫైలు సర్వర్‌లో లేకపోతే సాఫ్ట్‌వేర్ ముందే హెచ్చరిస్తుంది. షిఫ్టులో ఉన్న మనిషి కళ్లు రాత్రంతా వెతికేది ఆ హెచ్చరిక కోసమే. వరుస సమయం రాకముందే ప్రోమోతోనో ఫిల్లర్‌తోనో ఆ ఖాళీ పూడ్చేయాలి. అది జరిగిపోయిందంటే ఇంట్లో చూసేవాళ్లకి ఏమీ తెలియదు. ఆ ఉద్యోగంలో మంచి పనితనానికి గుర్తు అదే.

◆ రేడియో ఆటోమేషన్ కంప్యూటర్ కంటే ముందే వచ్చింది. 1950లలో కాలిఫోర్నియాలో పాల్ షేఫర్ అనే రేడియో మనిషి, హోటళ్లలో నాణెం వేస్తే పాట పాడే జ్యూక్‌బాక్సులను, టేప్ రికార్డర్లను రిలే స్విచ్చులతో కలిపి, మనిషి లేకుండా గంటల తరబడి స్టేషన్ నడిచే ఏర్పాటు చేశాడు. పాట అయిపోయిందని యంత్రానికి ఎలా తెలియాలి? టేపు మీద పాట చివర 25 హెర్ట్జ్ శబ్దం రికార్డు చేసేవాళ్లు. అంత తక్కువ స్థాయి శబ్దాన్ని శ్రోతలు పట్టించుకోరు, మామూలు రేడియో సెట్టు స్పీకరు దాన్ని సరిగా పలికించనూ లేదు. యంత్రం మాత్రం అది వినగానే తర్వాతి టేపును కదిలించేది.

◆ తర్వాత వచ్చిన కార్ట్ అనే చిన్న ప్లాస్టిక్ డబ్బా రేడియో స్టేషన్ల రూపమే మార్చేసింది. లోపల టేపుకి మొదలూ చివరా ఉండదు, రెండు కొసలూ అతికించిన చుట్ట. జింగిల్ మొదలయ్యే చోట పక్క ట్రాక్‌లో 1000 హెర్ట్జ్ గుర్తు ఉండేది. జింగిల్ అయిపోయాక కూడా టేపు తిరిగి తిరిగి, మళ్లీ ఆ గుర్తు దగ్గరికి రాగానే ఠక్కున ఆగేది. అంటే ప్రతిసారీ వెనక్కి చుట్టాల్సిన పని లేదు, ఎప్పుడు నొక్కితే అప్పుడు మొదటి అక్షరం నుంచి పలుకుతుంది. మన ఆకాశవాణిలో చాలా కాలం ఈ పనంతా మనుషులదే. చేతిలో క్యూషీటు, ముందు స్పూల్ టేపు యంత్రాలు, గోడకి గడియారం. ప్రసంగం రెండు నిమిషాలు ముందే అయిపోతే అనౌన్సరు వాద్య సంగీతం వేసి, సరిగ్గా వార్తల సమయానికి దాన్ని మెల్లగా తగ్గించి ఆపేవారు. ఆ వీణ ముక్కో వేణువు ముక్కో విని పెరిగిన తరం మనది. ఇవాళ సాఫ్ట్‌వేర్ చేసే ‘ఫిల్’ అనే పని అచ్చంగా అదే.

◆ టీవీ కార్యక్రమాలను టేపు మీద దాచుకోవడం 1956లో మొదలైంది. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఆంపెక్స్ కంపెనీ షికాగోలో తన వీడియో టేప్ యంత్రాన్ని చూపించింది. టేపు వెడల్పు రెండంగుళాలు. నవంబరు 30న అమెరికాలో సీబీఎస్ ఛానెల్ తన వార్తలను టేపు మీద పట్టి, పశ్చిమ తీరంలో మూడు గంటలు ఆలస్యంగా ప్రసారం చేసింది. కార్యక్రమం ఒకసారి టేపెక్కాక దాన్ని ఎప్పుడు నడపాలో యంత్రానికి అప్పజెప్పవచ్చు. 1980లలో సోనీ తెచ్చిన బీటాకార్ట్‌లో నలభై క్యాసెట్లు అరల్లో ఉండేవి. లోపలి యాంత్రిక చేయి ఒకదాన్ని తీసి ప్లేయర్‌లో పెట్టి, అయిపోయింది తీసి మళ్లీ అరలో పెట్టేది. బ్రేక్‌లో వరసగా ఆరు యాడ్స్ ఉంటే ఆ చేతికి క్షణం తీరిక ఉండేది కాదు. వీడియో సర్వర్లు వచ్చాక ఆ చేతికి పని పోయింది.

◆ అమెరికా టీవీ గడియారంలో ఓ విచిత్రమైన చిక్కు ఉంది. కలర్ టీవీ వచ్చినప్పుడు అక్కడ సెకనుకు 30 ఫ్రేములకు బదులు 29.97 అయ్యాయి. లెక్క మాత్రం 30 అనుకుంటూ పోతే గంటకు 3.6 సెకన్లు, రోజుకు 86 సెకన్లకు పైగా తేడా వస్తుంది. అందుకే ప్రతి నిమిషం మొదట్లో రెండు ఫ్రేము నంబర్లను లెక్కలోంచి దాటేస్తారు, ప్రతి పదో నిమిషంలో మాత్రం దాటరు. గంటకు సరిగ్గా 108 నంబర్లు. బొమ్మ ఏదీ పోదు, నంబరు మాత్రమే పోతుంది. సెకనుకు 25 ఫ్రేముల ‘పాల్’ (PAL) పద్ధతిలో నడిచిన మన దేశానికి ఈ బాధ లేదు.

◆ ఏ పాట తర్వాత ఏ పాట రావాలో చెప్పే సాఫ్ట్‌వేర్ వయసు నలభై ఏళ్లు దాటింది. 1979లో ఆండ్రూ ఎకనొమోస్ స్థాపించిన ఆర్‌సీఎస్ సంస్థ ‘సెలెక్టర్’ అనే ప్రోగ్రాం తెచ్చింది. ఒకే గాయకుడి పాటలు దగ్గర దగ్గరగా రాకూడదు, వరసగా రెండు నెమ్మది పాటలు పడకూడదు, నిన్న ఈ గంటలో వేసిన పాట ఇవాళ అదే గంటలో రాకూడదు. ఇలాంటి నియమాలు పెడితే అదే జాబితా తయారుచేస్తుంది. ఈ నియమాలను ఉన్నవి ఉన్నట్టు తెలుగు పాటలకి తెస్తే ఏమవుతుందో ఆలోచించండి. 1980ల సినిమా పాటలు వేసే గంటలో గాయకుడి నియమం గట్టిగా పెడితే, ఎస్పీ బాలు గారి పాట ఒక్కటి పడ్డాక ఇక వేయడానికి పాటలు వెతుక్కోవాలి. యుగళ గీతాల్లో చాలావరకు ఆయనవే. మన పాటలకి ‘ఒకే సినిమా పాటలు పక్కపక్కన వద్దు’, ‘ఒకే సంగీత దర్శకుడు వరసగా వద్దు’ లాంటి నియమాలే నప్పుతాయి. ఈ సంగతి సాఫ్ట్‌వేర్‌కి చెప్పాల్సింది మన పాటలు తెలిసిన మనిషే.

◆ ఆర్జే “హలో” అన్న క్షణంలో ఆయన స్టూడియోలో ఉండకపోవచ్చు. ముందే మాటల లింకులు రికార్డు చేసి పెడితే, సాఫ్ట్‌వేర్ వాటిని పాట చివర, పాట మొదట సరిగ్గా అతికిస్తుంది. దీన్ని వాయిస్ ట్రాకింగ్ అంటారు. నాలుగు గంటల షోకి కావలసిన మాటలు గంటలోపే అయిపోతాయి. ఒకే గొంతు నాలుగు ఊళ్లలో వినిపించవచ్చు. మన దేశంలో 2011 నాటి మూడో దశ ఎఫ్‌ఎం విధానం, ఒక సంస్థ తన స్టేషన్లను దేశమంతటా నెట్‌వర్క్ చేసుకోవడానికి వీలిచ్చింది. ఖర్చు తగ్గుతుంది, చిన్న ఊళ్లకీ పేరున్న గొంతులు చేరతాయి, ఒప్పుకుంటాను. కానీ వరంగల్‌లో కుండపోతగా వాన పడుతుంటే వరంగల్ స్టేషన్ ఆ మాట అనకపోవడం నాకు లోటుగానే తోస్తుంది.

◆ పట్టికకు కట్టుబడితే ఏమవుతుందో 1968 నవంబరు 17న అమెరికా చూసింది. జెట్స్, రైడర్స్ జట్ల అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఇంకా నిమిషం పైచిలుకు మిగిలుంది. జెట్స్ 32-29తో ముందున్నారు. ఏడు గంటలయింది, ఎన్‌బీసీ మ్యాచ్ ఆపేసి ‘హైదీ’ అనే పిల్లల సినిమా మొదలుపెట్టింది. ఆ నిమిషంలో రైడర్స్ రెండు టచ్‌డౌన్లు చేసి 43-32తో గెలిచారు. మ్యాచ్ కొనసాగించమని పెద్దలు చివర్లో నిర్ణయించారు కానీ, ప్రేక్షకుల ఫోన్లతో స్విచ్‌బోర్డు కిక్కిరిసి ఆ మాట కంట్రోల్ రూమ్‌కి చేరలేదు. ఆ తర్వాత వేరే ఎక్స్ఛేంజీ నుంచి ప్రత్యేక ఫోను పెట్టించారు. దానికి ‘హైదీ ఫోన్’ అన్న పేరే స్థిరపడింది.

◆ రేడియోకి అన్నిటికంటే భయం నిశ్శబ్దం. కొన్ని సెకన్లు ఏమీ వినిపించకపోతే పరికరం దాన్ని పసిగట్టి అత్యవసర టేపు మొదలుపెడుతుంది. 2004 జనవరి 16న బీబీసీ రేడియో 3 ఈ పరికరాన్ని కావాలనే ఆపింది. ఆ రాత్రి లండన్ బార్బికన్ హాలు నుంచి జాన్ కేజ్ రచన ప్రత్యక్ష ప్రసారం. 4 నిమిషాల 33 సెకన్ల పాటు వాద్యకారులెవరూ ఒక్క స్వరమూ పలికించని రచన అది. పరికరాన్ని ఆపకపోయి ఉంటే బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా మౌనం మధ్యలో అత్యవసర సంగీతం వచ్చిపడేది.

◆ అమెరికాలో ప్రమాద హెచ్చరికలు స్టేషన్ పరికరాల ద్వారా వాటంతటవే ప్రసారమవుతాయి. ఒక స్టేషన్ పరికరం ప్రత్యేక శబ్ద సంకేతం వింటే చాలు, తానూ ప్రసారం చేసి తర్వాతి స్టేషన్‌కి అందిస్తుంది. 2013 ఫిబ్రవరి 11న మోంటానా రాష్ట్రంలోని కేఆర్‌టీవీలో కార్యక్రమం మధ్యలో ఆగి, సమాధుల్లోంచి శవాలు లేచి మనుషుల మీద పడుతున్నాయని హెచ్చరిక వినిపించింది. ఎవరో బయటినుంచి పరికరంలోకి చొరబడ్డారు. కారణం మరీ సామాన్యం: కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చలేదు. మరుసటి ఏడాది అక్టోబరులో ఇంకో వింత. ఒక రేడియో షోలో మాటల సందర్భంగా పాత దేశవ్యాప్త టెస్ట్ రికార్డింగు వినిపించారు. అందులోని సంకేతం నిజమేనని నమ్మి చాలా రాష్ట్రాల్లో పరికరాలు దాన్ని ముందుకు పంపేశాయి. ఆ షో ప్రసారం చేసిన కంపెనీ 10 లక్షల డాలర్ల జరిమానా కట్టింది.

◆ 2015 ఏప్రిల్ 8 రాత్రి ఫ్రాన్స్‌కి చెందిన టీవీ5మోండ్ ఛానెళ్లు పన్నెండూ నల్లబడ్డాయి. దాడి చేసినవాళ్లు నెలల ముందే నెట్‌వర్క్‌లోకి చొరబడి, ప్రసారాన్ని బయటికి పంపే పరికరాలేవో తెలుసుకుని వాటినే పాడుచేశారు. అదే రోజు కొత్త ఛానెల్ ప్రారంభం ఉండటంతో సాంకేతిక సిబ్బంది ఇంకా ఆఫీసులోనే ఉన్నారు. వాళ్లలో ఒకరు దాడికి వాడుతున్న యంత్రాన్ని గుర్తించి నెట్ నుంచి పీకేశారు. లేకపోతే నష్టం ఎంత దూరం పోయేదో.

◆ శబ్దం కూడా సర్వర్లను చంపగలదు. 2021 సెప్టెంబరు 25న లండన్‌లోని రెడ్ బీ మీడియా ప్రసార కేంద్రంలో నిప్పు ఆర్పే గ్యాస్ వ్యవస్థ పనిచేసింది. గ్యాస్ దూసుకొచ్చిన వేగానికి పుట్టిన శబ్ద తరంగం హార్డ్ డిస్కులను దెబ్బతీసింది. ఛానెల్ 4, ఛానెల్ 5 ప్రసారాలు తడబడ్డాయి. బొమ్మ తొందరగానే వచ్చింది. కానీ ఛానెల్ 4 సబ్‌టైటిల్స్ వారాల తరబడి రాలేదు. వినికిడి లేనివాళ్లకి అన్నాళ్లూ ఆ ఛానెల్ మూగదే. ఆటోమేషన్ కూలినప్పుడు ముందుగా ఎవరికి నష్టం, అందరికంటే ఆలస్యంగా ఎవరికి బాగవుతుంది అన్నది నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం.

◆ వార్తా ఛానెళ్లలో బులెటిన్ క్రమాన్ని రన్‌డౌన్ అంటారు. 1998 నుంచి రూపుదిద్దుకున్న ఎంఓఎస్ అనే ఉమ్మడి భాష వల్ల, ప్రొడ్యూసర్ ఒక వార్తను మూడో స్థానం నుంచి మొదటికి లాగితే చాలు, దాని విజువల్స్, గ్రాఫిక్స్, యాంకర్ చదివే ప్రాంప్టర్ పాఠం అన్నీ కలిసి కదులుతాయి. ఇంగ్లీషుకి ఇంతవరకు సులభం. తెలుగుకి ఇక్కడే అసలు పని. మన కళ్లకి ‘లక్ష్మి’ రెండక్షరాలు. కంప్యూటర్ లోపల మాత్రం ఏడు గుర్తులు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ఆ ఏడింటినీ కలిపి క కింద షవత్తు, దాని పక్కన మవత్తు, పైన గుడి పెట్టి చూపించే తెలివి గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్‌కి ఉండాలి. లేకపోతే పొల్లులు విడిపోయి పేరు ముక్కలవుతుంది. పైగా పత్రికలు, ఛానెళ్లు ఏళ్ల తరబడి యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లలో టైపు చేశాయి. ఆ పాఠాన్ని యూనికోడ్ తెరలో అతికిస్తే అర్థం కాని ఇంగ్లీషు గుర్తులు వస్తాయి. బ్రేకింగ్ న్యూస్ హడావిడిలో ఇలాంటి తప్పు తెరకెక్కితే అది లక్షల ఇళ్లలో కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ కొనేముందు ఛానెళ్లు ముందుగా పరీక్షించాల్సింది ఒత్తులనే అని నా గట్టి అభిప్రాయం.

◆ కేబుల్ టీవీ నియమాల ప్రకారం గంటలో ప్రకటనలు 12 నిమిషాలు మించకూడదు. అందులో 10 వాణిజ్య ప్రకటనలకి, 2 ఛానెల్ సొంత ప్రచారానికి. ఈ లెక్క కట్టేదీ, ఏ యాడ్ ఏ సెకనుకి వెళ్లిందో లాగ్ రాసేదీ సాఫ్ట్‌వేరే. బిల్లు ఆ లాగ్ చూసే వేస్తారు. రేటింగులు కూడా అంతే: ఛానెల్ శబ్దంలో చెవికి వినపడని వాటర్‌మార్క్ కలిసి ఉంటుంది, ఎంపిక చేసిన ఇళ్లలో రేటింగుల సంస్థ బార్క్ పెట్టిన మీటర్లు దాన్ని గుర్తుపడతాయి. 2008లో బెంగళూరులో మొదలైన అమాగి, దేశమంతా ఒకే ఛానెల్ చూస్తున్నా ఊరికో యాడ్ వచ్చేలా చేసే పద్ధతితో పేరు తెచ్చుకుంది. ఆ తర్వాత ఛానెళ్లనే క్లౌడ్ నుంచి నడిపే స్థాయికి ఎదిగింది. గూగుల్ కూడా ఈ రంగంలో అడుగుపెట్టింది. 2006లో 10.2 కోట్ల డాలర్లిచ్చి డీమార్క్ అనే రేడియో ఆటోమేషన్ కంపెనీని కొంది. 2009కల్లా రేడియో నుంచే తప్పుకుని ఆ సాఫ్ట్‌వేర్‌ను అమ్మేసింది.

◆ లక్షలు పోసి కొనకుండా స్టేషన్ నడిపే దారి కూడా ఉంది. లినక్స్ మీద నడిచే రివెండెల్ ఉచిత రేడియో ఆటోమేషన్. స్వీడన్ ప్రభుత్వ టీవీ ఎస్‌వీటీ తన అవసరానికి తయారుచేసుకున్న కాస్పర్‌సీజీ అనే వీడియో, గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ 2006 నుంచి ప్రసారంలో ఉంది, ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు. మన కాలేజీల కమ్యూనిటీ రేడియోలు రివెండెల్‌ను చూడాలి.

◆ ఇప్పుడు ఏఐ యాంకర్ల వంతు. 2018 నవంబరులో చైనా జిన్‌హువా మొదటగా చూపించింది. తెలుగులో 2023లో బిగ్ టీవీ ‘మాయ’ను తెచ్చింది. దూరదర్శన్ రైతుల కోసం 2024 మే 26న డీడీ కిసాన్‌లో క్రిష్, భూమి అనే ఇద్దరిని ప్రవేశపెట్టింది, వాళ్లు యాభై భాషల్లో మాట్లాడగలరని ప్రకటించారు. అదే ఏడాది అక్టోబరులో పోలండ్‌లోని ఆఫ్ రేడియో క్రాకూవ్ మనుషుల్ని పంపేసి ఏఐ గొంతుల్ని కూర్చోబెట్టింది. 2012లో చనిపోయిన నోబెల్ కవయిత్రి షింబోర్‌స్కాతో ‘ఇంటర్వ్యూ’ కూడా వినిపించింది. జనం మండిపడ్డారు, వారం తిరక్కముందే ఆ ప్రయోగం ఆగిపోయింది. ఆస్ట్రేలియాలో ఇంకో రకం: సిడ్నీ స్టేషన్ కాడాలో ‘థై’ అనే హోస్ట్ నెలల తరబడి షో చేసింది, అది ఏఐ అని 2025లో గానీ బయటపడలేదు. గొంతు బాగుందా లేదా అన్నది నాకు రెండో మాట. వింటున్నది యంత్రాన్ని అని శ్రోతకి ముందే చెప్పడం కనీస మర్యాద.

◆ ఇక మైనాట్. అమెరికాలోని ఉత్తర డకోటాలో చిన్న పట్టణం. 2002 జనవరి 18, రాత్రి ఒకటిన్నర దాటింది, బయట గడ్డకట్టే చలి. ఊరి పక్కన గూడ్సు రైలు పట్టాలు తప్పింది. 31 వ్యాగన్లు పడిపోయాయి, అమ్మోనియా మేఘం ఇళ్ల మీదికి కమ్ముకొచ్చింది. కిటికీలు మూసుకుని లోపలే ఉండండి అన్న ఒక్క మాట రేడియోలో చెప్పాలి. ఊళ్లోని ఆరు వాణిజ్య స్టేషన్లూ ఒకే కంపెనీవి. పోలీసులు ఫోన్ చేస్తే ఎత్తినవాళ్లు లేరు. పాటలు మాత్రం వస్తూనే ఉన్నాయి. తర్వాత వాదనలు నడిచాయి. స్టేషన్‌లో మనిషి ఉన్నాడనీ, లైన్లు కిక్కిరిశాయనీ, హెచ్చరిక పరికరాన్ని పోలీసులే సరిగా పెట్టుకోలేదనీ కంపెనీ అంది. ఒకరు చనిపోయారు, మూడు వందలకు పైగా జనం గాయాలతో, ఊపిరాడక బాధపడ్డారు.

తప్పు ఎవరి వైపు ఎంత ఉన్నా, ఆ రాత్రి కావలసింది ఒక ఫోన్ ఎత్తే మనిషి. స్టేషన్ ఉన్న ఊళ్లోనో దాని దగ్గర్లోనో స్టూడియో ఉండాలన్న దశాబ్దాల నాటి నియమాన్ని 2017 అక్టోబరులో అమెరికా ఎత్తేసింది. స్థానిక నంబరో టోల్ ఫ్రీ నంబరో మాత్రం ఉండి తీరాలని మిగిల్చింది. మన కోస్తాలో తుపాను వచ్చిందంటే ఏ రేవులో ఎన్నో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారో రేడియోలో విని పడవలు ఒడ్డుకి లాగినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా తీరంలో నడిచే ప్రతి స్టేషన్‌లో, రాత్రి షిఫ్టుకి ప్లేలిస్ట్ ఆపే అధికారం ఉన్న ఒక్క మనిషైనా ఉండాలి. ఆ గది ఫోన్ నంబరు జిల్లా కంట్రోల్ రూమ్ గోడ మీద ఉండాలి. ఏడాదికోసారి, తుపాన్ల కాలం మొదలవకముందే, అర్ధరాత్రి ఆ నంబరుకి ఫోన్ చేసి ఎవరు ఎత్తుతారో చూడాలి.